తోడేలు అనే మాట

జూలై 3

పేరు దొరికింది.

కీళ్ళు పట్టేస్తున్నాయంటే ఒకరు వాతమన్నారు. జ్వరమంటే ఒకరు రెండు రోజుల్లో పోతుందన్నారు. జుట్టు రాలుతోందంటే నీళ్ళు పడటంలేదేమో చూసుకోమన్నారు. మూడుసార్లు కడుపు నిలవకపోతే పెద్ద డాక్టరొకాయన "కొందరి ఒళ్ళంతే" అని ఊరుకున్నారు. ఇవాళ ఈ డాక్టరమ్మ, నాకంటే పదేళ్ళు చిన్నదేమో, ఆ కాగితాలన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచి, "ఇవి నాలుగు జబ్బులు కావండీ, ఒకటే. లూపస్ అంటారు" అంది.

నేను నవ్వాను. ఏడుస్తానని ఆమె కాగితపు రుమాళ్ళ డబ్బా ముందే నావైపు జరిపి పెట్టింది పాపం. ఆ చెయ్యి డబ్బా మీదే ఉండిపోయింది.

పదిహేనేళ్ళుగా బళ్ళో ఇంగ్లీషు చెబుతున్నాను. ఏ మాట ఎదురైనా దాని తాతెవరు, ముత్తాతెవరు అని తవ్వకుండా ఉండలేను. పిల్లలు నాకు 'వేర్ల మేడమ్' అని పేరు పెట్టారు. వాళ్ళు పెట్టారని నాకు తెలుసునని వాళ్ళకి తెలియదు. అలాంటిదాన్ని, ఒక మాట నన్నే వెతుక్కుంటూ వచ్చింది. వేరు తవ్వే పని కూడా పెట్టలేదు. లాటిన్ మాట. లూపస్ అంటే తోడేలు.

బస్సులో మా ఆయన అడిగారు.

"ఆ లూపస్ అంటే ఏంటి?"

"లాటిన్ మాట."

"అది కాదు, అర్థం?"

"జబ్బు పేరండీ. పేర్లకి అర్థాలుంటాయా?"

పేర్లకి అర్థాలుంటాయా! ఈ ముక్క నా క్లాసులో ఎవడైనా అంటే బెంచీ ఎక్కించేదాన్ని.

జూలై 4

మొహం మీద ఎరుపు తగ్గలేదు. ముక్కుకి అటూ ఇటూ, రెండు బుగ్గల మీదా. నిన్న ఎండలో తిరిగాం కదా. అందుకే.

జూలై 9

ఇవాళ ఎనిమిదో తరగతికి 'మజిల్' గురించి చెప్పాను. లాటిన్‌లో చిట్టెలుక అని. చెయ్యి మడిస్తే చర్మం కింద ఎలుకపిల్ల కదిలినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. అంతే, క్లాసంతా చొక్కా చేతులు పైకి మడిచి ఎలుకల్ని వెతుక్కోవడం మొదలుపెట్టింది. వెనక బెంచీవాడు "మేడమ్, నాది పందికొక్కు" అన్నాడు. నవ్వాపుకోలేక బోర్డు వైపు తిరిగాను.

కిటికీ పక్క పిల్ల లేచింది. "జబ్బుల పేర్లలో కూడా జంతువులుంటాయా మేడమ్?"

"క్యాన్సరుంది కదా. పీత."

"ఇంకా?"

"ఇంకేం లేవు. కూచో."

సాయంత్రం లైబ్రరీకి వెళ్ళాను. ఒక్కో పుస్తకం ఒక్కో మాట చెబుతోంది. మొహం మీద పుండు తోడేలు కొరికినట్టు ఉంటుందని ఒకటి. ఆకలిగొన్న తోడేలులా మాంసం తినేస్తుందని ఇంకొకటి. అసలు వెయ్యేళ్ళ కిందటి ఆ వైద్యులు చూసిన పుండు ఈ జబ్బుదేనో, మరో జబ్బుదో ఎవరికీ తెలియదని మూడోది. అందులోనే, అడుగున చిన్న అక్షరాల్లో: దీనికి రోజుకో కోడి కావాలని పాతవాళ్ళు అనేవారట. కొందరైతే పుండు మీద పచ్చి కోడిమాంసం ముక్క పెట్టి కట్టేవారట. తోడేలు ఆ ముక్క తిని, మనిషిని వదిలిపెడుతుందని.

పుస్తకం మూసేశాను. మళ్ళీ తెరిచి ఆ వాక్యం ఇంకోసారి చదివాను. కోడి పెట్టినవాళ్ళలో ఎవరైనా బతికారా అన్నది రాయలేదు.

జూలై 16

అత్తయ్యకి చెప్పేశారు ఆయన. భోజనాల దగ్గర.

అత్తయ్య ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఉన్నది ముగ్గురమే అయినా యాభై మందికి వినపడేలా మాట్లాడతారు. నేను వంటగది గుమ్మంలో నిలబడితే "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటారు.

"తేలిగ్గా చెప్పరా, ఆ ఇంగ్లీషు ముక్కలు నాకొద్దు" అన్నారు.

ఆయన చెప్పారు. ప్రతి ఒంట్లోనూ కాపలావాళ్ళు ఉంటారు, బయటి క్రిములు వస్తే చంపడానికి. నా ఒంట్లో కాపలావాళ్ళు పొరపాటుపడి ఇంటివాళ్ళనే కొడుతున్నారు. కీళ్ళని, చర్మాన్ని, రక్తాన్ని.

"అంటే కంచే చేను మేస్తోందన్నమాట."

నేను తలెత్తి చూశాను. వారం రోజులు లైబ్రరీలో నిఘంటువులు తిరగేసి వచ్చిన నాకు తట్టని మాట. ఇది తోడేలు కానేకాదు. బయటినుంచి ఏదీ రాలేదు.

"మరి ఆ మూడూ?" అన్నారు అత్తయ్య, మొదటిసారి గొంతు తగ్గించి.

"అవీ దీనివల్లే అయ్యుంటాయంటున్నారమ్మా."

అత్తయ్య కంచంలోకి చూస్తూ కూచున్నారు. మూడోసారి పోయినప్పుడు ఆవిడ నన్ను అన్న మాట నాకు గుర్తుంది. ఆవిడకీ గుర్తొచ్చిందని తెలుస్తూనే ఉంది. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

జూలై 17

బడినుంచి వచ్చేసరికి ముందు గదిలో పడమటి కిటికీకి మందపాటి తెర వేలాడుతోంది. ఎండ నాకు పడదని డాక్టరమ్మ చెప్పింది కదా. అత్తయ్య పాత ఖాకీ యూనిఫారాలు విప్పి కుట్టారు. ఒకచోట జేబు అలాగే ఉండిపోయింది.

జూలై 29

యూరిన్‌లో ప్రొటీన్ పోతోందట. కిడ్నీల దాకా వచ్చిందన్నమాట. గట్టి మందు రాసింది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి మరీ చెప్పింది. "ఈ మందు వాడినన్నాళ్ళూ మీరు గర్భం దాల్చకూడదు. బిడ్డ అవయవాలు దెబ్బతింటాయి. ముందు జబ్బు నిద్రపోవాలి. కనీసం ఏడాది. తర్వాత మందు మార్చి, అప్పుడు ఆలోచిద్దాం."

"నాకు ముప్పై ఎనిమిది."

"తెలుసండీ."

జాగ్రత్తల గురించి ఆమె చెబుతున్నంతసేపూ ఆయన పైన తిరుగుతున్న ఫ్యానుని పరీక్షగా చూశారు, రిపేరుకి ఇచ్చినట్టు.

ఏడాది.

ఆగస్టు 20

సెలవు రోజు. మందు పనిచేస్తోంది! వేళ్ళు ముడుచుకుంటున్నాయి, సీసా మూత నేనే తీశాను. మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చాను. ఆయన లిఫ్టు మెకానిక్కు. "ఊళ్ళో లిఫ్టులన్నీ నేను బాగుచేస్తుంటే నా పెళ్ళాం మెట్లెక్కుతుందా? నా పరువేం కాను?" అన్నారు.

అత్తయ్య పాత డిపో స్నేహితురాలింటికి వెళ్ళారు. మధ్యాహ్నమంతా వాన. చాలారోజుల తర్వాత ఇద్దరం కడుపు నొప్పి పుట్టేలా నవ్వుకున్నాం. దేనికో గుర్తులేదు. అన్నీ గుర్తుండవు.

సెప్టెంబరు 7

రాలేదు. మందు వల్ల అయ్యుంటుంది.

సెప్టెంబరు 11

రాలేదు. ఈ జబ్బులో తేదీలు తప్పుతాయట. ఎక్కడో చదివాను.

సెప్టెంబరు 14

ఎక్కడ చదివానో వెతికాను. దొరకలేదు.

సెప్టెంబరు 18

ఇంటి దగ్గర మందుల షాపులో కొనలేదు. రెండు స్టాపులు ముందే దిగి కొన్నాను. బళ్ళో టీచర్ల బాత్‌రూములో, మూడో పీరియడ్ గంట కొడుతుండగా చూశాను. రెండు గీతలు.

బయట లెక్కల టీచరు తలుపు తడుతోంది. "లోపల నిద్రపోయావా ఏంటి?" ఆవిడ నా ప్రాణస్నేహితురాలు. తలుపు తీయగానే చెప్పేద్దామనుకున్నాను. తీసి, "టాప్ లీకవుతోంది" అన్నాను.

డాక్టరమ్మకి చెబితే ఏమంటుందో నాకు తెలుసు. పెన్ను పక్కన పెడుతుంది. తీసేయించుకోమంటుంది. మూడుసార్లు అదే పోయింది, నాలుగోసారి నేనే పొమ్మనాలా?

మాత్రలు బిడ్డకి పడవు. అంటే మాత్రలు మానేస్తే బిడ్డకి ఫర్వాలేదు. ఇందులో తప్పేముంది? ఎలాగూ ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. ఏ మాత్ర మంచిదో ఏది చెడ్డదో నాకు తెలియదు, అందుకని అన్నీ మానేస్తాను. రాత్రి ఆయన చూస్తుండగా నోట్లో వేసుకుని, సింకు దగ్గరికి వెళ్ళి ఉమ్మేయడం కష్టం కాదు. ఇవాళ చేశాను కూడా.

నెల చూస్తాను. మూడో నెల దాటనీ. అప్పుడు చెబుతాను.

సెప్టెంబరు 30

ఇవాళ బాగానే ఉంది. వేవిళ్ళు. వచ్చినందుకు సంతోషపడిన మనిషి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అక్టోబరు 6

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. ఆయన్ని పనిలోకి పంపించి, "నేనొక్కదాన్నే వెళ్ళొస్తాలెండి" అన్నాను. పార్కులో చెట్టుకింద రెండు గంటలు కూచుని వచ్చాను.

"ఏమంది?"

"బాగుందంది."

అక్టోబరు 13

బాగానే ఉంది. వేళ్ళు కొంచెం.

అక్టోబరు 21

మొహం మీద మళ్ళీ వచ్చింది. పౌడరు దట్టంగా వేసుకుంటే కనపడదు. క్లాసులో కిటికీ పక్క పిల్ల నన్నే చూస్తూ కూచుంది.

నిన్నంతా దానితో మాట్లాడుతూ ఉన్నాను. దానితో అంటే తోడేలుతో. నవ్వొస్తుంది రాస్తుంటే. తిను, అన్నాను. ఇదిగో బుగ్గలు, ఇవిగో వేళ్ళు, ఇవిగో మోకాళ్ళు. రోజుకో కోడి కదా నీ లెక్క, రోజుకొకటి పెడతాను. లోపలున్నదాన్ని మాత్రం ముట్టకు.

నాకు తెలుసు ఇది తోడేలు కాదని. అత్తయ్య చెప్పిందే నిజమని. కానీ తోడేలైతే బేరమాడొచ్చు. కంచెతో ఏం బేరమాడతాం?

అక్టోబరు 29

చెప్పులు పట్టడం లేదు. వానకి తడిసి బిగుసుకున్నట్టున్నాయి.

నవంబరు 2

ఆయన చెప్పులూ తడిశాయి కదా ఆ వానకి. అవి బాగానే ఉన్నాయి.

నవంబరు 5

మూత్రంలో నురగ. పొద్దున చూశాను. నీళ్ళు పోసేశాను. చూడలేదనుకుంటాను.

నవంబరు 10

అత్తయ్యకి తెలిసిపోయింది.

సింకు దగ్గర ఉన్నాను. వెనక నిలబడి ఎంతసేపటినుంచి చూస్తున్నారో. "ఎన్నో నెల?" అన్నారు.

"దేనికి అత్తయ్యా?"

"అమ్మాయ్, ముప్పై ఏళ్ళు బస్సులో జనాన్ని చూశాను. కడుపుతో ఉన్న మనిషి కడ్డీ పట్టుకునే తీరే వేరు. లేచి సీటియ్యండి అని అరిచేదాన్ని. ఒక్కసారీ పొరపడలేదు. నువ్వు నెల రోజులుగా ఈ సింకుని అలాగే పట్టుకుంటున్నావు. ఎన్నో నెల?"

"మూడు దాటి..."

"మందులేవి?"

ఆవిడ వంగి సింకు గొట్టం వైపు చూశారు. తిరిగి నా కాళ్ళ వైపు చూశారు. కూచుని నా చీలమండ మీద బొటనవేలితో నొక్కారు. గుంట పడింది. అలాగే ఉండిపోయింది.

"వాడికి చెప్పావా?"

"మీకు మనవరాలో మనవడో కావాలని లేదా అత్తయ్యా?" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. ఆవిడని నావైపు తిప్పుకోవాలని.

"ఉంది. బోలెడంతుంది. దానికోసం నిన్నిచ్చుకుంటానా? పిచ్చిపిల్లా, దారిలో దిగాల్సిన వాళ్ళు దిగుతారు, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కుతారు. బస్సే లోయలో పడితే?"

కాళ్ళు పట్టుకున్నాను. ఇంకో వారం ఆగమన్నాను. ఆవిడ లేచి ఫోను తీసి కొడుక్కి చేశారు. యాభై మందికి వినపడేలా.

నవంబరు 10, సాయంత్రం

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. పని బట్టలతోనే, చేతుల గ్రీజు కడుక్కోకుండా, నాకెదురుగా నేల మీద కూచున్నారు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది చూడు. అప్పుడు లోపలున్నవాళ్ళు తలుపులు లాగకూడదు. సందులోంచి దూకకూడదు. గంట నొక్కి కూచోవాలి. అందరికీ అదే చెబుతాను. దూకినవాళ్ళని కూడా చూశాను నేను." గ్రీజు చేతుల వైపు చూసుకుంటూ, "రెండు నెలలు... ఒక్కసారైనా గంట నొక్కలేదే నువ్వు" అన్నారు.

"నొక్కితే మీరొచ్చి దాన్ని తీసేస్తారు."

"నేనెందుకు తీసేస్తానే? నాది కాదా?"

ఏడ్చారు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇది మొదటిసారి. మొహం తుడుచుకుంటే గ్రీజు అంటుకుంది. తుడుద్దామని చెయ్యి ఎత్తబోయాను. భుజం లేవలేదు.

నవంబరు 11

ఆసుపత్రి. మంచం కిటికీకి దూరంగా ఇచ్చారు.

డాక్టరమ్మ వచ్చింది. కోప్పడుతుందని బిగుసుకుని ఉన్నాను. కాగితాలన్నీ చూసి, నా పక్కనే మంచం మీద కూచుంది.

"మాత్రలు ఎప్పుడు మానేశారు?"

చెప్పాను.

"నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"వస్తే తీసేయించుకోమంటారు."

ఆమె కాగితాలు మూసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ గట్టి మందు అప్పటికే లోపలికి వెళ్ళింది, దాని ప్రమాదం దానిది. అది ఆపాల్సిందే, నిజమే. కానీ బిడ్డకి పడే మందులున్నాయండీ. కడుపుతో ఉన్నవాళ్ళకి మేం రోజూ ఇచ్చేవి. మీ చీటీలో రెండోది, పసుపు మాత్ర, అది అలాంటిదే. అసలు మానకూడనిది. రక్తం గడ్డకట్టకుండా సూదిమందు మొదలుపెట్టేవాళ్ళం. మీరు ఆ మొదటి వారంలో వచ్చుంటే..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసి ఉంటే బాగుండేది.

ఉన్నాయట. మందులున్నాయట.

నవంబరు 12

మందులున్నాయట.

నవంబరు 14

స్టెరాయిడ్లు. బీపీ దిగడం లేదు. కిడ్నీలు సగం పని చేస్తున్నాయన్నారు. లోపల గుండె కొట్టుకుంటోంది. స్కానింగు గదిలో విన్నాను, గుర్రం పరిగెత్తుతున్నట్టు.

ఇద్దరిలో ఎవరికైనా ఎప్పుడైనా ప్రమాదం రావచ్చునని, ఆపేయాలంటే ఇప్పుడే ఆపేయడం మీకు మంచిదని, నిర్ణయం మీదేనని చెప్పింది డాక్టరమ్మ. ఆయన బయటికి వెళ్ళి వరండాలో నిలబడ్డారు. తిరిగొచ్చి "నువ్వెలా అంటే అలా" అన్నారు. కానీ కళ్ళు అలా అనలేదు.

వారం ఆగుదామన్నాను. మందులకి లొంగితే ఉంచుకుందాం. లొంగకపోతే... లొంగుతుంది.

నవంబరు 19

డాక్టరమ్మ అడిగింది ఇవాళ, సెలైను సరిచేస్తూ. "మొదటిరోజు పేరు చెప్పగానే నవ్వారే, ఎందుకు?"

చెప్పాను. తోడేలు సంగతి, కొరికిన గాటు సంగతి, రోజుకో కోడి సంగతి, ఏ పుస్తకం ఏమందో అన్నీ. చెబుతున్నకొద్దీ ఊపిరి అందకపోయినా ఆపలేదు. పదిహేనేళ్ళ అలవాటు.

ఆమె అంతా విని, "పేరు గురించి ఇంత చదివారు. మాత్రల డబ్బాలో పెట్టిన కాగితం చదవలేదా?" అంది. దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగింది, అర్థంకాక.

చదవలేదు. మాట పుట్టుక తెలిస్తే జబ్బు తెలిసినట్టేననుకున్నాను. ఆ పేరు పెట్టినవాళ్ళకి జబ్బు గురించి ఏమీ తెలియదు. మొహం చూశారు, పేరు పెట్టారు, కోడి ముక్క కట్టారు. నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూచున్నాను, నా పక్కనే ఇంత తెలిసిన పిల్ల ఉండగా.

నవంబరు 23

బీపీ కొంచెం దిగింది. చూశారా! లొంగుతుందన్నానా లేదా?

నవంబరు 26

బాగానే ఉంది. లెక్కల టీచరు వచ్చింది. నన్ను చూడగానే నవ్వు మొహం పెట్టబోయి పెట్టలేకపోయింది. మొహం వాచిపోయి గుండ్రంగా ఉంది నాది. "పూర్ణచంద్రుడిలా ఉన్నావే" అంది చివరికి. "అద్దంలో చూసుకుంటే నేనే ఎవరో వచ్చారనుకుని కుర్చీ వెయ్యబోయాను" అన్నాను. ఇద్దరం నవ్వాం. వరండాలోకి వెళ్ళి ఆవిడ ఏడవడం వినపడింది.

డిసెంబరు 1

కదిలింది. గాలిబుడగ లాగా. కచ్చితంగా కదిలింది. ఆయన చెయ్యి పెట్టించాను. "తెలియలేదే" అన్నారు. మళ్ళీ పెట్టించాను. "ఆఁ, అవును" అన్నారు. తెలియలేదని నాకు తెలుసు.

డిసెంబరు 4

కదిలింది.

డిసెంబరు 7

నిద్రపోతున్నట్టుంది.

డిసెంబరు 8

ఇంకా నిద్రే.

డిసెంబరు 9

స్కానింగు గదిలో ఆ అమ్మాయి ఆ పరికరాన్ని అటూ ఇటూ తిప్పింది. మాట్లాడుతున్నది ఆపేసింది. నావైపు ఉన్న తెరని మెల్లిగా తనవైపు తిప్పుకుంది.

గుర్రం లేదు.

డిసెంబరు 11

నొప్పులు వచ్చే మందు పెట్టారు. బతికున్న బిడ్డకి పడినట్టే పడాలట నొప్పులు. ఎవరూ చెప్పలేదు నాకది.

ఇంగ్లీషులో దీన్ని మిస్‌క్యారేజ్ అంటారు, ఆ మాటకి వేరేమిటో నాకు తెలుసు. సరిగా మొయ్యలేకపోవడం. ఆ మాటలోనే నేరం మోపి పెట్టారు. ఎన్ని వందలసార్లు బోర్డు మీద రాసి ఉంటాను ఆ ముందు మూడక్షరాల్ని, 'తప్పుగా' అని అర్థం చెబుతూ.

డిసెంబరు 12

అయిపోయింది. ఆడపిల్ల.

నర్సమ్మ వచ్చి "చూస్తారా?" అని అడిగింది. తల తిప్పేసుకున్నాను. ఆయన గోడకి ఆనుకుని కూచున్నారు, లేవలేకపోయారు.

"నేను చూస్తాను" అన్నారు అత్తయ్య. చీర సర్దుకుని, జుట్టు వెనక్కి దువ్వుకుని, డ్యూటీకి వెళ్ళేటప్పుడు తయారయ్యేవారే అలా, నర్సమ్మ వెంట వెళ్ళారు.

చాలాసేపటికి వచ్చారు. ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు.

డిసెంబరు 20

ఇల్లు.

డిసెంబరు 21

మాత్రలు వేసుకున్నాను. ఆయన చూడటం లేదు. అయినా మింగాను.

డిసెంబరు 29

కిడ్నీలు తిరిగొస్తున్నాయట. పూర్తిగా కాకపోయినా చాలావరకు. డాక్టరమ్మ సంతోషంగా చెప్పింది. నేనూ సంతోషించాలని చూశాను. ఇంకెప్పుడూ వద్దా అని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ఆమె మాత్రం తనంతట తానే, "మీరు ముందు కోలుకోండి. మళ్ళీ అనుకుంటే, ఆ అనుకున్న రోజే నా దగ్గరికి రండి" అంది.

జనవరి 6

బళ్ళోకి వెళ్ళాను. పిల్లలు నా మొహం చూసి గుసగుసలాడుకున్నారు. కిటికీ పక్క పిల్ల లేచి నిలబడింది. "మేడమ్, మీకేం జబ్బు?"

పేరు చెప్పాను. అర్థం చెప్పాను. ఆ అర్థం తప్పని, పేరు పెట్టినవాళ్ళు మొహం తప్ప ఏమీ చూడలేదని కూడా చెప్పాను. తర్వాత కాపలావాళ్ళ సంగతి చెప్పాను. "తగ్గుతుందా?" అంది. "పోదు. మందు వేసుకుంటే పడుకుంటుంది" అన్నాను. అందరూ రాసుకున్నారు, పరీక్షలో వస్తుందేమోనని.

జనవరి 14

ఆయన పనికి వెళ్ళారు. అత్తయ్య ముందు గదిలో బట్టలు మడతపెడుతున్నారు. నేను వెళ్ళి ఎదురుగా కూచుని ఒక దుప్పటి కొస పట్టుకున్నాను. ఇద్దరం మడిచాం. ఇంకొకటి మడిచాం.

"అత్తయ్యా, ఎలా ఉంది?"

ఏది అని అడగలేదు ఆవిడ. దుప్పటి ఒళ్ళో పెట్టుకున్నారు.

"చిన్నది. నా అరచెయ్యి దాటి కొంచెం. చెవులు నీవే, కింద కొసలు అతుక్కుని. కనుబొమ్మలు ఇంకా రాలేదు. గీత గీసినట్టు సన్నగా, అంతే."

అంత నెమ్మదిగా మాట్లాడగలరని నాకు తెలియదు. వినడానికి ముందుకి వంగాల్సి వచ్చింది.

"నొప్పి పడినట్టు ఉందా?"

"లేదు. చిరాగ్గా ఉంది. నిద్రలో ఎవరో లేపినట్టు."

"ఇంకా?"

"వేళ్ళు పొడుగు. గోళ్ళు కూడా వస్తున్నాయి. ఎడమచెయ్యి తెరిచే ఉంది. కుడిచెయ్యి పిడికిలి పట్టుకుంది, గట్టిగా."

"విప్పి చూశారా?"

"లేదు."

"ఎందుకని?"

అత్తయ్య దుప్పటి మడత సరిచేశారు. మళ్ళీ సరిచేశారు.

"దాని చెయ్యి కదా అమ్మాయ్," అన్నారు. "దాని ఇష్టం."